మూర్తిగారి చెవిలో వణికిన వేణువు

2023 వేసవి. షామ్‌బర్గ్‌లో ఒక ఇండియన్ కిరాణా కొట్టుకీ, పళ్ల డాక్టరు ఆఫీసుకీ మధ్య ఉన్న చిన్న హియరింగ్ క్లినిక్‌లో నేను పనిచేస్తున్నాను. వినికిడి తగ్గినవాళ్లకు పరీక్ష చేసి, హియరింగ్ ఎయిడ్ పెట్టి, దాన్ని వాళ్ల చెవికి తగ్గట్టు కంప్యూటర్‌లో సరిచేయడం నా పని. ఈ విద్య నేను కాలేజీలో నేర్చుకోలేదు. ఉద్యోగం చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్న నాలుగేళ్లలో, మా ఊరి లైబ్రరీలో ధ్వని గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. మొదట్లో సగం అర్థమయ్యేవి కావు. తర్వాత వదలబుద్ధి కాలేదు. లైసెన్స్ పరీక్షలో చాలా ప్రశ్నలు పాత స్నేహితుల్లా పలకరించాయి. ఆ సంగతి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

మా క్లినిక్‌లో సౌండ్ బూత్ అని ఒక గది ఉంది. గోడలనిండా మెత్తటి పలకలు. తలుపు మూస్తే రోడ్డూ, ఏసీ చప్పుడూ, అన్నీ మాయమవుతాయి. కాసేపు కూర్చుంటే మన ఊపిరే మనకు, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు వినిపిస్తుంది.

మే నెలలో కృష్ణమూర్తిగారు వచ్చారు. ఏలూరులో కరెంటాఫీసులో పనిచేసి రిటైరై, ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. చెవిలో అప్పటికే మేం పెట్టిన హియరింగ్ ఎయిడ్ ఉంది.

"మనవరాలు వచ్చి మెడ చుట్టూ చేతులేస్తే చాలు, ఇది కుయ్యిమంటోందమ్మా. పిల్ల జడుసుకుని పారిపోతోంది" అన్నారు.

చెవిలోకి వెళ్లాల్సిన ధ్వని బయటికి కారి మళ్లీ మైకులోకే వెళితే అలా ఈల వేస్తుంది. దాన్ని ఆపడానికి లోపలే ఫీడ్‌బ్యాక్ కాన్సలర్ అనే ఏర్పాటు ఉంటుంది. ఈల లాంటిది వినపడగానే దానికి ఎదురు ధ్వని పుట్టించి అణిచేస్తుంది. నేను దాన్ని పూర్తి బలానికి పెంచాను. ఎక్కడెక్కడ బాగా వినపడుతోందో అడిగే మా ఫారంలో టీవీ, ఫోన్, రెస్టారెంట్, కారు అని ఉంటాయి. అన్నిటికీ టిక్కు పెట్టి ఆయన సంతోషంగా వెళ్లిపోయారు.

ఇక్కడి తెలుగు సంఘం నెలనెలా పంపే పత్రికలో 'చూసినవి, విన్నవి' అని ఒక పేజీ వచ్చేది. రాసేవారి పేరు 'శ్రోత' అని మాత్రం ఉండేది. నేను ఆ పేజీకి అభిమానిని. ఒకసారి ఒక సినిమా గురించి కథ ఏమీ చెప్పకుండా, హాల్లోంచి బయటికొచ్చాక కారు ఎక్కడ పెట్టారో ఇరవై నిమిషాలు గుర్తురాలేదని రాశారు. ఇంకో నెల, చెరువు చుట్టూ నడుస్తూ ఒక వీణ ఆల్బమ్ విన్నానని, మూడో పాట దగ్గర బాతులు నీళ్లను వదిలి ఆ పాట మీద తేలుతున్నట్టు అనిపించిందని రాశారు. మర్నాడు సాయంత్రం నేనూ ఆ ఆల్బమ్ పెట్టుకుని చెరువు దగ్గరికి వెళ్లాను. బాతులు నిజంగానే తేలాయి.

జూలైలో మా స్నేహితురాలు మాధవి కూతురు సహజ, ఒక హైస్కూలు ఆడిటోరియంలో మొదటిసారి పూర్తి వేణువు కచేరీ చేసింది. ఆ పిల్లకి పదహారేళ్లు, ఇక్కడే పుట్టింది. నేను నాలుగో వరసలో ఉన్నాను. ఆలాపనలో ఒక పొడుగాటి స్వరం పట్టుకుని అలా సాగనిచ్చింది. ఆ స్వరం సాగినంతసేపూ నాకు కాలి కింద నేల గుర్తులేదు. పాట అయ్యాక చప్పట్లు కొట్టడానికి చేతులు వెతుక్కున్నాను.

ఆగస్టు పత్రికలో శ్రోత ఇలా రాశారు: "వేళ్లలో వేగం ఉంది. కానీ ప్రతి దీర్ఘస్వరమూ వణికింది. శ్రుతి నిలవని వేణువు ఎంత పరిగెత్తినా ఇల్లు చేరదు."

మాధవి ఫోన్ చేసి ఏడ్చినంత పనిచేసింది. సహజ వేణువును పెట్టెలో పెట్టేసిందట. దసరా కచేరీలో తన పేరు తీసేయమందట. 'గురువుగారు కూడా మర్యాదకే బాగుందన్నారేమో' అంటోందట. నాకు శ్రోత మీద కోపం వచ్చింది. నా చెవుల మీద కొంచెం అనుమానమూ వచ్చింది.

సెప్టెంబరులో మూర్తిగారు మళ్లీ చూపించుకోవడానికి వచ్చారు.

"మెషిను బ్రహ్మాండంగా ఉందమ్మా. సంగీతమే పాడైపోయింది."

"అదేమిటండీ?"

"ఎవరికీ శ్రుతి నిలవడం లేదు. మొన్న సినిమాలో పిల్లనగ్రోవి వణికింది. జూలైలో ఒక పిల్ల కచేరీ, అదీ వణుకే. రాశాను కూడా."

"శ్రోత మీరేనా!"

"గట్టిగా అనకు. మా అల్లుడు ప్రతి నెలా చదివి తిడుతుంటాడు, నేనని తెలీక." నవ్వారు. "ఇంకో చిత్రం. నలభై ఏళ్లుగా నేను వింటున్న పాత రికార్డు ఒకటుంది. దాంట్లో వేణువూ వణుకుతోంది. వయసు మీద పడితే పాటలు కూడా వణుకుతాయా అమ్మా?"

ఆయన సరదాగానే అడిగారు. కానీ రికార్డులో ఉన్న వేణువు కొత్తగా తప్పు వాయించదు. ఎప్పుడో లైబ్రరీ పుస్తకంలో చూసిన ధ్వని తరంగాల బొమ్మ గుర్తొచ్చింది. వీణ తీగ ధ్వని ఎగుడుదిగుడుగా ఉంది. వేణువు దీర్ఘస్వరం నున్నటి అలలా ఉంది, దాదాపు ఈలలాగే. నేను బలం పెంచిన కాన్సలర్ దాన్ని ఈల అనుకుని అణచబోతోంది. ఆ పెనుగులాటే ఆయనకి వణుకులా వినిపిస్తోంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెవిని ఒకసారి తడుముకున్నారు.

"అయితే ఆ పిల్ల?"

"వాయించడం మానేసిందండీ. మీరు రాసినప్పటినుంచి." ఆ మాట నా నోటికే బరువుగా తోచింది. "తప్పు నాది. మీరేం వింటారో నేను అడగలేదు."

"నువ్వడగలేదు, నేను చెప్పలేదు. కానీ రాసింది నేనే కదా. ఆ పిల్లని ఒకసారి పిలవగలవా? నేనెవరో చెప్పే పిలువు."

ఆ శనివారం మధ్యాహ్నం సహజ వచ్చింది. "అమ్మ ఫోర్స్ చేసింది ఆంటీ. సారీ యాక్సెప్ట్ చేయడానికైతే రాలేదు" అంది, ఆయన వైపు చూడకుండా.

"నేనింకా సారీ చెప్పలేదుగా" అన్నారు మూర్తిగారు. "ముందు వినాలనుంది."

హియరింగ్ ఎయిడ్‌లో మ్యూజిక్ ప్రోగ్రామ్ అని, పాటలు వినడానికి రెండో అమరిక పెట్టాను. అందులో కాన్సలర్ ఉండదు. బూత్‌లో సహజ ఒకే స్వరం పట్టుకుంది. ఆయన కళ్లు మూసుకున్నారు. నేను చెప్పకుండా ప్రోగ్రాములు మార్చాను.

"వణికింది... ఇప్పుడు లేదు... మళ్లీ వణికింది."

సహజ వేణువు దించేసింది. "వెయిట్. నేను మార్చలేదు. మొత్తం సేమ్ వాయించాను." ఆయన వైపు తిరిగింది. "సో ఆ రోజు నేను బానే వాయించానా అంకుల్?"

"నాకు తెలీదమ్మా. ఆ రోజు నేను వినలేదు. విన్నాననుకుని రాశాను."

"బాగుంది అనొచ్చు కదా! ఐ వుడ్ ఫీల్ బెటర్."

"అదీ వినకుండా చెప్పడమే అవుతుంది."

సహజ మూతి బిగించుకుంది. తర్వాత వేణువు ఎత్తి, జూలైలో వాయించిన ఆలాపనే మొదలుపెట్టింది. ఈసారి ఆయన చెవిలో మ్యూజిక్ ప్రోగ్రామే ఉంచాను. ఆ మెత్తటి గోడల మధ్య స్వరం ఎక్కడికీ వెళ్లడానికి లేక మా ముగ్గురి చుట్టూ పొగమంచులా నిలిచింది. మూర్తిగారు మధ్యలో కళ్లు తెరిచారు, ఎక్కడున్నారో చూసుకోవడానికన్నట్టు. మళ్లీ మూసుకున్నారు. పాట అయ్యాక ఆయన సారీ చెప్పారు. సహజ వేణువును పెట్టెలో పెట్టకుండా చేతిలోనే పట్టుకుని వెళ్లింది.

తర్వాతి పత్రికలో మూర్తిగారు సొంత పేరుతో రాశారు: "జూలైలో నేనొక కచేరీకి వెళ్లాను, కానీ వినలేదు. ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నాను." అల్లుడు ఆ వాక్యం రెండుసార్లు చదివి, ఆయన ముఖం చూసి, కాఫీ కలిపి తెచ్చాడట.

నాకు ఈ కేసు నేర్పింది చిన్నదే, కానీ ఏ పుస్తకంలోనూ లేదు. నా ముందు కూర్చున్న చెవి ఎంత వింటుందో కొలిచాను గానీ, దేనికోసం వింటుందో అడగలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ఫారం పక్కన పెట్టి, ఈమధ్య ఏం చూశారు, ఏం విన్నారు అని మొదలుపెడతాను. అపాయింట్‌మెంట్లు ఆలస్యమవుతాయి. ఫరవాలేదు.

దసరాకి సహజ వాయించింది. రెండో కీర్తనలో ఒకచోట శ్రుతి నిజంగానే కాస్త దిగింది. నేను గబుక్కున మూర్తిగారి వైపు చూశాను. ఆయన కనుబొమలు కదిలాయి, అంటే విన్నారు. ఆ నెల పేజీలో కచేరీ అంతా ఉంది, ఆ చోటు లేదు.

క్లినిక్‌కి వచ్చినప్పుడు అడిగాను, ఎందుకు రాయలేదని.

"అక్కడ దిగిందని ఆ పిల్లకి తెలిసిపోయిందమ్మా" అన్నారు. "వెంటనే ఆ చోటుకి వెనక్కి వెళ్లి మళ్లీ వాయించింది, నువ్వు వినలేదూ?"