కాకా ఓరచూపు

నా చిన్నప్పుడు నాకు ఇంట్లో అందరి మీదా అనుమానమే. ఉట్టిలో బెల్లం తగ్గితే అవ్వ నోరు వాసన చూసేదాన్ని. పెన్సిల్ కనబడకపోతే పక్క పిల్ల సంచి వెతికేదాకా అన్నం సహించేది కాదు. ఆ గుణం ఒక మనిషిని ఎంత నొప్పిస్తుందో రెంజల్‌లోని మా ఇంట్లో, నా తొమ్మిదో ఏట తెలిసింది.

ఆ ఏడాదే మా బాపు మొదటిసారి పసుపు వేశాడు. దాన్ని ఉడకబెట్టి ఆరబెట్టడానికి మహారాష్ట్ర వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. కాకా అనేవాళ్ళం. పగలు కొమ్ములు పరిచి, పొద్దుగూకే వేళకు కుప్ప చేసి టార్పాలిన్ పట్టా కప్పేవాడు. అప్పుడే నిజామాబాద్‌లో డిగ్రీ చదివే పక్కింటి అక్క, కాలేజీ పోటీ కోసం చిన్న థ్రిల్లర్ సినిమా తీస్తోంది. మా వాకిట్లోని కుప్పనూ కాకానూ రోజూ హ్యాండీక్యామ్‌లో పట్టేది. కథ ఒక్కటే: పసుపు మాయమవుతోంది, దొంగ ఎవరు?

ఒక ఆదివారం సాయంత్రం ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ముక్కలు అతికిస్తుంటే నేను వెనక నుంచి చూశాను. నడుమెత్తు కుప్ప. తర్వాత కాకా ఓరచూపు. తర్వాత మోకాలెత్తు కుప్ప. వాకిట్లోకి ఉరికి చూస్తే నిజంగానే కుప్ప మోకాలెత్తే ఉంది! ఇక నాకు వేరే సాక్ష్యం ఎందుకు? కాకా నీళ్ళకు పోయిన సందు చూసి, అరుగు మీది ఆయన మూట విప్పాను.

ముడి ఊడేసరికి ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. వంగి మూటను నా ముందే దులిపాడు. ఒక ధోతి, రెండు ఎండిన జొన్నరొట్టెలు, సున్నం డబ్బీ. "మంచిగ సూడు బేటీ, ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు. తర్వాత మా అవ్వతో, పొద్దుగాల బస్సుకు వెళ్ళిపోతానన్నాడు. అవ్వ నన్ను నిలదీసింది. "గాయనె దొంగ! అక్క కంప్యూటర్ల సూసిన," అని అరిచాను.

గోడ అవతల ఆ మాట విన్న అక్క ఉరికి వచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి నన్ను మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తను వాడకుండా వదిలేసిన ముక్కలన్నీ వరసగా చూపింది. ప్రతి సాయంత్రం కుప్ప కాస్త కుంగుతోంది, కొమ్ములు ముడతలు పడి చిక్కిపోతున్నాయి. ఉడికిన పసుపు ఎండితే అంతేనట. వరి, చెరకు తప్ప ఎరగని ఇంటి పిల్లను, నాకేం తెలుసు?

చివరికి ఆ ఓరచూపును కత్తిరించకముందు ఎలా ఉందో అలా చూపించింది. కాకా చూస్తున్నది నన్ను. నేను ఉడుకుతున్న పసుపు కడాయి అంచుకు పోతున్నాను. మరుక్షణం ఆయన ఉరికి నా రెక్క పట్టి లాగాడు. రెక్క నొప్పెట్టిందని ఆ రోజు అవ్వకు ఆయన మీద చాడీలు చెప్పింది కూడా నేనే. అక్క తల దించుకుంది. "గీ దొంగను నేనే తయారుజేసిన," అంది.

నేను వెళ్ళేసరికి కాకా మూట కట్టుకుంటున్నాడు. బడి సంచి తెచ్చి ఆయన ముందు బోర్లించాను. "నాది గూడ సూడు కాకా," అంటూ ఏడ్చాను. పుస్తకాల మధ్య నుంచి, ఉట్టిలోంచి నేనే కాజేసిన బెల్లం గడ్డ దొర్లింది. అప్పుడే అవ్వ ఇటు వస్తోంది. కాకా గబుక్కున దాని మీద తన కండువా కప్పేశాడు.

పొద్దుగాల బస్సు వెళ్ళిపోయింది, కాకా వెళ్ళలేదు. అక్క తన సినిమాలోంచి ఆ ఓరచూపు తీసేసింది.

అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. కానీ ఎవరైనా అర నిమిషం వీడియో పంపి ఫలానావాడు దొంగ అంటే, దానికి ముందూ వెనకా ఏం కత్తిరించారని అడుగుతాను. ఒకరి మూట మీదికి చెయ్యి పోబోతే, నా బెల్లం గడ్డను దాచిన ఆ కండువా గుర్తొస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటాను.