పాట తెగనంత నడక

వర్షాలు తగ్గాక మా గజపతినగరం చుట్టుపక్కల గుంటల్లో నార తియ్యడానికి గోగుకట్టలు నానబెడతారు. ఆ కుళ్ళువాసనకు దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే రత్నం టీచరు గుర్తొస్తారు. ఆమె నన్ను మొదటిసారి కాలవగట్టు మీదికి తీసుకువెళ్ళింది ఇలాంటి రోజుల్లోనే.

ఆమె మా స్కూల్లో హిందీ చెప్పేవారు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు. నేను లెక్కల టీచరుని. అప్పటికి నా బరువంటే నాకే భయం పట్టుకుంది. పై అంతస్తు తరగతికి ఎక్కేసరికి ఊపిరి అందేది కాదు. పిల్లలకు తెలియకుండా బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తున్నట్టు నిలబడేదాన్ని. మా అమ్మ షుగరుతో చూపు పోగొట్టుకుని, ఆ జబ్బుతోనే చనిపోయింది. నేనూ అటే వెళుతున్నానని డాక్టరు చెప్పాడు. రాత్రి భోజనం మానేశాను. వీడియోల్లో చెప్పిన కషాయాలు తాగాను. విజయనగరంలో జిమ్ములో చేరి, అద్దాల ముందు నిలబడలేక వారం తిరక్కుండా వచ్చేశాను.

ఒకరోజు స్టాఫ్‌రూములో బీరువా చాటున బెల్లం జీళ్ళు తింటూ ఆమెకు దొరికిపోయాను.

"ఏటమ్మా, దొంగతనం సేస్తన్నావా? ఇలా కూకుని తిను. నాకూ ఒకటి పెట్టు. దాసుకుని తిన్నదే తొందరగా ఒంటికి పడతాది" అన్నారు.

ఆ సాయంత్రమే గట్టు మీదికి రమ్మన్నారు. నేను పరుగులాంటి నడక మొదలుపెట్టాను.

"ఒసే, ఎవులు తరుముతన్నారే నిన్ను? పాట పాడు. పాట తెగకుండా ఎంత జోరుగా నడవగలవో అంతే నడువు."

నాకు పాటలు రావన్నాను.

"మీ యమ్మ ఏటీ పాడేది కాదేటి?"

అమ్మ నాట్లప్పుడు పాడే పాట ఒకటి గుర్తుంది. సిగ్గుపడుతూనే అందుకున్నాను. పల్లవి పూర్తికాకుండానే ఆయాసం వచ్చింది. ఆమె పక్కనే ఆగి, నాకు ఊపిరి అందేదాకా గుంటలో కొంగలను చూస్తూ నిలబడ్డారు. తొందరపెట్టలేదు, ఓదార్చనూ లేదు.

నెలలు గడిచేకొద్దీ పల్లవి దాటి చరణాల్లోకి వెళ్ళగలిగాను. బరువు చూసుకుంటానంటే "తూకమెయ్యడానికి సంతలో మేకవేటే నువ్వు?" అనేవారు. ఒక ఉదయం మెట్లెక్కి, నేరుగా పిల్లల వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాను. షుగరు దిగిందని ఆ తరువాత డాక్టరు చెప్పాడు.

మరుసటి ఏడాది ఆమె ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. గట్టు మీద నాలుగడుగులకే మాట తెగిపోయేది.

"నువ్వెళ్ళవే, నా వల్ల నీ నడక పాడవుతాది" అన్నారు. నేను కదల్లేదు. "అయితే పాడు. నాను ఇంటాను."

అమ్మ పాట మొదటిసారి చివరిదాకా పాడాను. కొద్ది వారాలకే ఆమె పోయారు.

ఎలా తగ్గారని కొత్త టీచర్లు నన్ను అడుగుతుంటారు. పాడుకుంటూ నడిచానంటే నవ్వుతారు. ఇప్పుడు పాట తెగకుండా కాలవ లాకుల దాకా వెళ్ళగలను. అయినా దారిలో ఒకచోట ఆగుతాను. ఆయాసం వచ్చి కాదు. ఆమె నాకోసం ఆగినంతసేపు ఆగి, మళ్ళీ నడుస్తాను.