గుర్రాల సినిమా మళ్ళీ తీశారు

ఆదివారం పొద్దున పదకొండూ పదికి మా గల్లీలో కరెంటు వచ్చింది. ఫ్యాను ఇంకా సరిగ్గా తిరగకముందే బాపు టీవీ రిమోట్ అందుకున్నాడు. గుండె ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక మా నాన్న తనంతట తాను ఒక వస్తువు అందుకోవడం అదే మొదటిసారి. నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ రోజుల్లో ఏ చిన్న మార్పయినా మాకు భయమే.

బాపు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయన తమ్ముడు, మా కాక, చనిపోయాడు. చాయ్ తాగి కార్ఖానాకు బయలుదేరినవాడు గడప దగ్గరే కూలిపోయాడు. బాపు గుండె పచ్చిగా ఉంది, పెద్ద దెబ్బ లాంటి మాట ఏదీ చెవిన వేయొద్దని డాక్టరు అన్నాడు. అందుకని కాక సాంచాల, అంటే మరమగ్గాల, పని మీద భివండికి పోయాడని చెప్పాం. పక్క గల్లీలో ఉండే కాక భార్య, మా చిన్నమ్మను, రావద్దన్నాం. ఆమె నుదురు చూస్తే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. పలకరించడానికి వచ్చేవాళ్ళను గుమ్మం బయటే ఆపి, ఏం అనాలో ఏం అనకూడదో చెప్పి లోపలికి పంపేవాళ్ళం. నేను స్నానాల గదిలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. రోజూ ఒకటే ఆలోచన. ఇవాళ చెప్పాలా? చెబితే ఆయన బతుకుతాడా?

టీవీలో వస్తున్నది ఒక పాత ఇంగ్లీషు గుర్రాల సినిమాను మళ్ళీ తీసిన సినిమా. దానికి హిందీ మాటలు అతికించారు. పాతది నేను చూడలేదు గానీ కథంతా కాక చెప్పగా తెలుసు. బాపూ కాకా పెళ్ళికాక ముందు టాకీసులో పొద్దుటి ఆటకు వెళ్ళి చాలాసార్లు చూశారు. నీళ్ళు లేని ఊరు, ఒక్కటే బావి, దానికి కాపలా కాసే ఇద్దరు జతగాళ్ళు. ఆ అన్నదమ్ములకు ఇంగ్లీషు ముక్క రాదు. దాంతో వాళ్ళకు పనీ పడలేదు. సాంచాలు ఆడుతుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. పనివాళ్ళు ఎదుటివాడి పెదాలు, చేతులు చూసి మాట్లాడుకుంటారు. సినిమా చూసిన మర్నాడు కాక సాంచా అవతల నిలబడి గొంతు లేకుండా కథంతా చెబితే, బాపు ఇవతల దారం అతుకుతూ నవ్వేవాడట. ఏళ్ళు గడిచేకొద్దీ బాపు చెవులు దాదాపు పోయాయి. చాలా గట్టిగా ఉంటే కొద్దిగా వినపడుతుంది, మిగతాదంతా పెదాలు చూడడమే.

నేను సినిమాలు తెలిసిన మనిషిని కాదు. కానీ కథ సగం దాటాక జతగాళ్ళలో ఒకడు చనిపోతాడని తెలుసు. అది రాకముందే టీవీ కట్టేయించాలని చూస్తున్నాను.

"ఏం పిక్చర్ గిది? అందరి మూతులకు గడ్డాలే. ఒక్కని మొఖం కనవడ్తలేదు," అన్నాడు బాపు.

"పెట్టింది నువ్వే గదయ్యా. మార్చరాదు!" అమ్మ గట్టిగా అంది.

"ఉండనియ్యే. ఆ నోరు ఒకటంటున్నది, మాట ఇంకోటొస్తున్నది. పెదాలు జూస్తే పిచ్చి లేస్తున్నది." నావైపు తిరిగి, "మీ కాక ఉంటే నాలుగు తిట్టేటోడు," అన్నాడు.

అమ్మే తేరుకుంది. "భివండికెల్లి వచ్చినంక చూస్తడు తీ."

బాపు మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

"చాలు బాపూ, కండ్లు గుంజుతయ్. గోలీ ఏసుకో, పండుకో," అన్నాను.

"అరే, ఆగు. అసలు ముచ్చట ఇప్పుడే ఉన్నది."

ఆ ఘట్టం రానే వచ్చింది. కాక చెప్పిన పాత సినిమాలో బతికినవాడు ఏడవడు. బావిలోంచి ఒక బొక్కెన నీళ్ళు తోడి, చచ్చినవాడి ముఖం కడుగుతాడు. మిగిలిన నీళ్ళు గుర్రానికి పెడతాడు. అంతే. మళ్ళీ తీసినవాళ్ళకు ఆ బొక్కెన సరిపోయినట్టు లేదు. ఎండిన ఊళ్ళో వాన కురిపించారు. మనిషిని మెల్లగా, మెల్లగా కింద పడేశారు. బతికినవాడు ఆకాశం వైపు చూసి అరుస్తుంటే వెనక వాయిద్యాలు మోగాయి. దుఃఖంలో ఉన్న మనిషి ఇంట్లో కూర్చుని చూస్తే అది అబద్ధమని వెంటనే తెలుస్తుంది.

బాపు మంచం మీద కదలకుండా ఉన్నాడు. నేను అమ్మ పక్కకు జరిగి గొంతు తగ్గించాను. "అమ్మా, ఇప్పుడే చెప్పేద్దామా?"

"నోర్మూస్కో. గుండె ఆగుతది," అంది అమ్మ, నాకే సరిగ్గా వినపడనంత చిన్నగా.

"ఆగదు," అన్నాడు బాపు.

ఎప్పుడు తిరిగాడో, మమ్మల్నే చూస్తున్నాడు.

"ఏంది?" అంది అమ్మ.

"గుండె. ఆగదు. దవాఖాన్ల అద్దం అవతల నిలవడి మాట్లాడుకున్నరు గద మీరిద్దరు. కాక పొయిండని బిడ్డ నీకు జెప్పింది. నేను పండుకొనే చూసిన."

గొంతు తగ్గించడం వేరే ఇళ్ళలో పనికొస్తుంది. గొంతుతో పనే లేని మనిషి ఎదుట మేం ఇన్ని రోజులు గుసగుసలాడాం. సాంచాల ఇంట్లో పుట్టి పెరిగి కూడా అది తట్టలేదు. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆయన ఒక్కసారి కూడా కాక ఎక్కడని అడగలేదు. అది మా అదృష్టమనుకున్నాం.

"తెలిసి గూడ ఎట్ల ఊకున్నవయ్యా?" అమ్మ ఏడుస్తూ అడిగింది.

"ఆడ ఏడిస్తే గా మిషను కూత పెడ్తది, నువ్వు ఉరికొస్తవ్. ఇంటికొచ్చినంక జూస్తే ఇద్దరు గింత కష్టపడి దాస్తున్రు. ఉగీచ్, ఉత్తగ ఎందుకు చెడగొట్టాలె అనుకున్న." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "గని మీ చిన్నమ్మను ఎందుకు రానియ్యలే? ఆమె ఏం జేసింది?"

ఆయన గుండె గురించి తప్ప మేం దేన్నీ లెక్కలోకి తీసుకోలేదు.

"నన్ను ఆడికి తోల్కపో," అన్నాడు.

డాక్టరు మాట గుర్తుంది. అయినా ఆటో పిలిచాను. సినిమా నడుస్తూనే ఉంది. చివర బావి ఎవరికి దక్కిందో నాకు తెలియదు.

చిన్నమ్మ చేట ముందు కూర్చుని బీడీలు చుడుతోంది. బాపును చూసి లేచి కొంగు తల మీదికి లాక్కుంది. గోడ పట్టుకుని ఆయన గడప దాటాడు. నా కళ్ళు ఆయన ఛాతీ మీదే ఉన్నాయి.

"ఆలస్యమైందమ్మా," అన్నాడు.

"ఇప్పుడొచ్చినవా బావా! నీ తమ్ముడు పొయ్యినంక వచ్చినవా! నాకు ఎవరున్నరని!" ఆమె గొంతెత్తి ఏడ్చింది. గల్లీ అంతా విన్నది. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. బాపు అక్కడే కూలబడి ఏడ్చాడు. పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. ఏమంటున్నాడో నాకు చదవడం రాలేదు. చాలాసేపటి తర్వాత కళ్ళు తుడుచుకుని, గోలీల టైమయిందా అని నన్ను అడిగాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరం గొంతు తగ్గించి మాట్లాడుకోం.