డాలీగంజ్‌లో పెరుగు చచ్చిన ఆదివారం

నేనొకసారి ఊచకోత కోశాను. పోలీసు కేసు కాలేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. చచ్చినవాళ్ళెందరో ఇప్పటికీ తెలియదు. కోట్లలో ఉంటారు గానీ, ఒక్కరూ కంటికి కనిపించే రకం కాదు. జరిగింది డాలీగంజ్‌లో, మా వంటగదిలో, ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి రాగానే. ఆయుధం గరిటె. హంతకుడు బియ్యస్సీ.

ఆ ఏడు వానలు మమ్మల్ని ఏడిపించాయి. మా దీవికి సరుకుల ఓడ ఎప్పుడొస్తుందో రేవులో పనిచేసే నాన్నకే తెలిసేది కాదు. ఉల్లిపాయలు లేవు, ఉత్తరాలు లేవు. పైగా మా వీధిలో ఇంటింటా విరేచనాలు. మా తెలుగు చర్చిలో స్తుతి కీర్తనలు కూడా సమాధి దగ్గర పాడినట్టే పాడుతున్నారు. సరిగ్గా అప్పుడే, నేను కొత్తగా సైన్సు మాస్టరుగా చేరిన డెలానీపూర్ బడికి సూక్ష్మదర్శిని వచ్చింది. దాంతోపాటు సూక్ష్మజీవుల మీద ఒక పుస్తకం.

పుస్తకం మొదలే నన్ను పట్టేసింది. హాలండులో ఎవరో బట్టల వ్యాపారి, తాను అరగదీసిన గాజుబిళ్ళ కింద తన పళ్ళ పాచిని పెట్టుకుని చూస్తే, అందులో ప్రాణులు ఈదుతున్నాయట. తర్వాత ఫ్రాన్సులో ఒక పండితుడు ద్రాక్షసారాను వేడిచేసి, దాన్ని పాడుచేసే జీవుల్ని చంపాడట. అక్కడిదాకా చదివి పుస్తకం మూసేశాను. పాలు పెరుగయ్యేది కూడా అలాంటి జీవుల పుణ్యమేనని అదే పండితుడు చెప్పిన సంగతి తర్వాతి పేజీలో ఉంది. తర్వాతి పేజీ చదివే ఓపిక నాకెక్కడిది? నేనప్పటికే శాస్త్రజ్ఞుణ్ణి అయిపోయాను.

ఇక మా పెరుగు సంగతి చెప్పాలి. అమ్మ శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఓడెక్కినప్పుడు అమ్మమ్మ తన ఇంటి పెరుగులో ఒక గుడ్డముక్క ముంచి, ఆరబెట్టి ఇచ్చింది. ఇక్కడికొచ్చి దాన్ని గోరువెచ్చని పాలలో వేస్తే పెరుగు పేరుకుంది. ఆ రోజు నుంచి నిన్నటి పెరుగే నేటికి తోడు. కొత్తగా దిగిన ప్రతి తెలుగు ఇంటికీ అమ్మే చిన్న గిన్నెలో తోడు పంపేది. అమ్మమ్మ పోయినప్పుడు ఓడ దొరక్క అమ్మ వెళ్ళలేకపోయింది. ఆ చేతిదంటూ ఆమెకు మిగిలింది ఆ పెరుగొక్కటే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను, అదీ నా ఘనత.

శనివారం ఒక చుక్క పెరుగు బడికి తీసుకెళ్ళి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. గొలుసులు, పుల్లలు, గుంపులు గుంపులు! నాకు ముచ్చెమటలు పోశాయి. వీధిలో జబ్బుకి మూలం దొరికిందనుకున్నాను. ఆదివారం ఆరాధన చివర అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "మాస్టరూ, ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు చెప్పు నాయినా" అన్నారు. నేను నలభై చెప్పాను. పెరుగులో క్రిములున్నాయన్నాను. సలసలా మరిగించి వాడుకోమన్నాను. పీఠం దగ్గర నిలబడి చెప్పిన మాట కదా, సంఘమంతా "ఆమేన్" అంది.

ఇంటికి రాగానే పెరుగు గిన్నె పొయ్యి మీదికెక్కించాను.

"అంతా కాసేస్తావేటిరా? ఒక గరిటెడు పక్కనెట్టనా?" అంది అమ్మ.

"ఒక్క బొట్టు మిగిలినా మళ్ళీ పుట్టుకొస్తాయమ్మా."

"మా అమ్మ చేతిదిరా..."

"అమ్మమ్మ చేతిదే. క్రిములు తీసేసి ఇస్తున్నాను, అంతే."

అమ్మ గరిటె నా చేతికిచ్చి పక్కకు జరిగింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే మరి. పెరుగు విరిగి నీళ్ళూ ముద్దలూ అయింది. సాయంత్రం ఆ ముద్దల్లోంచే ఇంత తీసి పాలలో వేశాం.

పొద్దున పాలు పాలుగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి కంపుకొట్టాయి. తోడు కోసం అమ్మ పక్కింటికి గిన్నె పంపింది. వాళ్ళూ కాచారు. ఎదురింటివాళ్ళు రెండుసార్లు కాచారు. సాయంత్రం అయ్యగారే గొడుగు వేసుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"మాస్టరూ, మా గిన్నెలో పెరుగు తోడుకోలేదు నాయినా. ప్రార్థన కూడా చేశాం."

అప్పుడు తర్వాతి పేజీ చదివాను. చదివి, ఆ పుస్తకంతో నా నెత్తిన నేనే కొట్టుకున్నాను. అమ్మ గోడకు ఆనుకుని ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిట్టలేదు. తిడితే బతికిపోయేవాణ్ణి.

ఏం చేయాలో తోచక మర్నాడు వెనక లైనులో ఉండే బెంగాలీ దీదీ దగ్గరికి పరుగెత్తాను. ఆమె మా చర్చికి రాదు, నా ఉపన్యాసం వినలేదు, అందుకే ఆమె పెరుగు బతికుంది.

"దహీ కావాలా మాస్టర్‌జీ? ఉబాల్‌కే మార్ డాలోగే క్యా?" అంది. ఉడకబెట్టి దీన్నీ చంపుతావా అని. అప్పటికే నా కీర్తి వీధంతా పాకింది.

ఆ పెరుగు మా గిన్నెలోకి మార్చి, అమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అయ్యగారు కూడా అక్కడే ఉన్నారు. తమ వంతు తోడు కోసం వచ్చారు.

"అమ్మా, అమ్మమ్మ పెరుగే. కొన్ని క్రిములు అడుగున దాక్కుని బతికాయి. సైన్సుతో వాటిని మళ్ళీ పెంచాను."

అమ్మ ముఖం వెలిగింది. వేలితో కాస్త తీసి నాలిక మీద పెట్టుకుంది. ఇంకోసారి తీసి రుచి చూసింది.

"అయితే, నీ సైన్సు దీంట్లో పంచదార ఎందుకేసిందిరా?"

బెంగాలీలు పెరుగును తియ్యగా తోడేస్తారన్న సంగతి నాకు తట్టనేలేదు. అయ్యగారు పకపకా నవ్వారు. అమ్మా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తల్లి పోయిన కబురు వచ్చిన రోజు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. అమ్మమ్మ రెండోసారి పోయింది, ఈసారి నా చేతుల్లో.

అందుకే అయ్యగారి సాక్షిగా నేనొక ఘోర ప్రతిజ్ఞ చేయవలసి వచ్చింది: ఇహలోకంలో ప్రాణమున్నంతవరకు, శాస్త్రం పేరుతో గానీ మరే పేరుతో గానీ, మా అమ్మ పొయ్యి దరిదాపులకు రాను. టీనీళ్ళు కాచుకోవడానికి మాత్రం మినహాయింపు ఇమ్మన్నాను.

"ఆ నీళ్ళలో ఎవరున్నారో ముందు సదివి రా" అంది అమ్మ.