పిఠాపురం పేరు చెప్పి కాకినాడ

మధ్యాహ్నం రెండు గంటలకి పోస్టు చేరాను. కాశ్మీరులో పదమూడు వేల అడుగుల ఎత్తున ఒక గట్టు. మూడు బంకర్లు, ఒక రేడియో స్తంభం, మోకాలి లోతు మంచు. నేను నరసాపురం దిగువన సముద్రపు ఒడ్డున పుట్టినవాణ్ని. అప్పటిదాకా చేపల పెట్టెల్లో వేసే ఐసు తప్ప ఇంకో మంచు చూసి ఎరగను. పోస్టు కమాండరు సుబేదార్ గారు నాకు ఒక తెల్లకోటు, రెండు జతల ఉన్ని మేజోళ్లు ఇప్పించి, మొదటి ఆర్డరు వేశారు.

"గంటకోసారి నీ జోడీ మొహం చూడు. చలికి ముక్కు, చెవులు తెల్లబడ్డాయేమో చూడు. వాడు నీ మొహం చూస్తాడు. ఎవడి ముక్కు వాడికి కనబడదు. తెలిసీ రిపోర్టు చెయ్యనివాడికి శిక్ష ఉంటుంది."

నా జోడీ రేడియో ఆపరేటరు. బీహారు కుర్రాడు. నా హిందీ విని వారం రోజులు నవ్వాడు. తర్వాత అదే హిందీ వాడూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

జనవరిలో షెల్లింగ్ ఎక్కువైంది. ఒక ఉదయం పక్క బంకరు మీద షెల్ పడి మా వంటవాడు పోయాడు. అరగంట ముందు నాకు టీ ఇచ్చిన మనిషి. ఆయన్ని కిందికి దించింది మేమే. ఆ తర్వాత నాకు తిండి సయించలేదు. రేడియో పిలుస్తున్నట్టు వినబడేది. జవాబిచ్చేవాణ్ని.

"సెట్ ఆపేసి ఉంది. ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు జోడీ.

"ఎవరితోనూ లేదు."

"ఇది మొదటిసారి కాదు. నేను రిపోర్టు చేస్తున్నా."

నాకు ఒళ్లు మండింది. వాడి కాలరు పట్టుకున్నాను. వాడు విడిపించుకోలేదు, మాటా మార్చుకోలేదు. సుబేదార్ గారు వచ్చి నా మొహంలోకి కాసేపు చూసి, సెట్ అందుకుని కింద బేస్‌ని పిలిచారు.

"ఒక మనిషిని కిందికి పంపాలి. ఓవర్."

"దెబ్బ ఎక్కడ? ఓవర్."

"మనసుకి. నడవగలడు. డాక్టరు చూడాలి. ఓవర్."

"పంపండి. ఓవర్."

అంతే. చలికి వేలు నల్లబడ్డవాణ్ని పంపేటప్పుడు కూడా అన్నే మాటలు. కింద ఆస్పత్రిలో మేజరు డాక్టరు మందులిచ్చారు. రోజూ కూర్చోబెట్టి మాట్లాడించారు. మళ్లీ పైకి పంపలేదు. తుపాకీ కూడా కొన్నాళ్లు ఇవ్వలేదు. బేస్‌లో రేషన్ స్టోరు అప్పగించారు. జ్వరం తగ్గిందా అని అడిగినట్టే, నిద్ర పడుతోందా అని అడిగేవారు. కాశ్మీరులో నా గడువు అక్కడే పూర్తయింది. ఏప్రిల్‌లో మందుల సంచితో సెలవు మీద ఇంటికొచ్చాను.

మా అమ్మ నా బిళ్లలు కందిపప్పు డబ్బాలో దాచింది. ఎవరైనా అడిగితే మలేరియా మందులని చెప్పేది. పోస్టులో దాచినవాడికి శిక్ష అయితే, మా ఊళ్లో చెప్పినవాడికి శిక్ష. నేను రోజూ డబ్బా కిందకి దించి, వీధి అరుగు మీద కూర్చుని, దారినపోయేవాళ్లు చూస్తుండగా బిళ్ల వేసుకునేవాణ్ని. అమ్మ లోపల నుంచి తిట్టేది.

అప్పుడు చేపల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి. మా అక్క మొగుడు బోటుకి చుక్కాని పట్టే మనిషి. అంతకుముందు తుఫానులో, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆయన బోటులోంచి ఇద్దరు కొట్టుకుపోయారు. అప్పట్నుంచీ బావ సముద్రం వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. కంచం ముందు కూర్చుని, ఏమీ తినకుండా లేచిపోయేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒకరోజు నాతో, "నేను లేకపోతే మీ అక్క సుఖంగా ఉంటాదిరా," అన్నాడు.

నేను తిన్నగా అక్క దగ్గరికెళ్లాను. "రేపు కాకినాడ పెద్దాసుపత్రికి ఎళ్తున్నాం. మనసు డాక్టరు దగ్గరికి."

"ఊళ్లో తెలిస్తే బోటెక్కనిత్తారేంట్రా?"

"మనిషి ఉంటేనే కదా బోటు."

అక్క ఏడ్చింది. తర్వాత చుట్టుపక్కల వాళ్లకి పిఠాపురం దర్శనానికని చెప్పి, బుట్టలో కొబ్బరికాయలు సర్దింది. నరసాపురంలో పంటు ఎక్కి గోదారి దాటాం. అమలాపురంలో బస్సు మారాం. దారంతా బావ చెయ్యి నేను వదల్లేదు.

ఆస్పత్రి వరండాలో బల్లల మీద జనం. చాలామంది ఒళ్లో కొబ్బరికాయల బుట్టలే. చివరి బల్ల మీద మా పేట పెద్దాయన, బాలింత కూతురు ఉన్నారు. కాన్పయ్యాక ఆ అమ్మాయి ఎవరితోనూ మాట్లాడటం లేదని విన్నాం. వాళ్లూ రెండు రోజుల ముందు పిఠాపురమనే చెప్పి బయల్దేరారు. పెద్దాయన మమ్మల్ని చూసి కండువా సర్దుకున్నాడు.

"దర్శనం అయ్యిందా అబ్బాయ్?" అన్నాడు.

"మా నంబరు ఇంకా పిలవలేదండి. మీదయ్యిందా?" అన్నాను.

అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. పక్కకి జరిగి బావకి చోటిచ్చాడు.

డాక్టరమ్మ గారు నిద్ర గురించి, తిండి గురించి అడిగారు. ఆ తర్వాత సూటిగా, "చనిపోవాలనిపిస్తోందా?" అన్నారు. బావ నేల చూస్తూ, "అనిపిత్తందండి," అన్నాడు. అక్క నా భుజం పట్టుకుంది. అన్నాళ్లూ ఇంట్లో ఎవరం అడగని ప్రశ్న అది.

"చెప్పి మంచిపని చేశారు," అన్నారావిడ. "ఈయన్ని కొన్నాళ్లు ఒంటరిగా వదలకండి. వారం వారం తీసుకురండి. మందులకి మొదట్లో మత్తుగా ఉంటుంది, బోటెక్కొద్దు. ఎప్పుడెక్కాలో నేను చెబుతాను."

వచ్చేటప్పుడు అక్క పట్టుబట్టి నిజంగానే పిఠాపురం తీసుకెళ్లింది. దేవుడి పేరు చెప్పి దేవుణ్ని చూడకుండా ఎలా వెళ్తామంది. ప్రసాదం ఊరంతా పంచింది. మందులు మాత్రం నేను మా అరుగు మీదే వేయించాను. నేనొక బిళ్ల, బావొక బిళ్ల. ఆ వేసవంతా మా ఇద్దరికీ అదే పెరేడు. నాలుగో వారానికి బావ రెండోసారి అన్నం అడిగాడు. అక్క ఆ మాట వీధంతా చెప్పుకొచ్చింది.

నిషేధం ముగిసే ముందురోజు ఏ బోటుకి ఎవరెవరో ఒడ్డున కూర్చుని తేల్చుకోవడం మా పేట ఆచారం. బావ బోటెక్కడానికి డాక్టరమ్మ గారు ఆ వారమే సరేనన్నారు. బావ వలల పక్కన కూర్చున్నాడు. ఆయన బోటు మనిషే ఒకడు లేచి, "బావ మనసు బాలేదంట కదా. చుక్కాని ఇంకోళ్లకి ఇద్దామండి. అచ్చిరాదు," అన్నాడు. బావ కండువా దులుపుకుని లేవబోయాడు. ఆయన ఇంటికెళితే మళ్లీ సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటాడని నాకు తెలుసు. భుజం పట్టి కూర్చోబెట్టాను.

"నాకూ మనసు బాలేదు," అన్నాను. "మందులేసుకున్నాను, ఇంకా వేసుకుంటున్నాను. సైన్యం నన్ను పొమ్మనలేదు. వచ్చే వారం డ్యూటీకి ఎళ్తున్నాను. మీరు పొమ్మంటారా?"

మరీ గట్టిగా అడిగానేమో అనిపించింది. అప్పుడు పెద్దాయన లేచాడు.

"మా అమ్మాయిని పిఠాపురం తీసుకెళ్లానని మీకందరికీ చెప్పాను. కాకినాడ ఆస్పత్రికి తీసుకెళ్లాను. నిన్న అది బిడ్డని ఎత్తుకుంది. అచ్చిరావడం, అచ్చిరాకపోవడం నాకు చెప్పకండి."

జనం బావ వైపు తిరిగారు. బావ తలెత్తాడు. "మొగ దాటేదాకా నా పక్కన ఒకడు నించోండి. చెయ్యి తప్పితే చెప్పండి. చుక్కాని ఇచ్చేత్తాను." అచ్చిరాదన్న మనిషే ముందు సరేనన్నాడు.

మర్నాడు తెల్లవారి ఐదున్నరకి బోటు కదిలింది. పడమటి గాలి, పోటు నీరు. పక్కన నించున్నది నేనే. మొగ దగ్గర మొదటి కెరటం బోటు ముక్కు మీద కొట్టింది. ఇద్దరు కొట్టుకుపోయిన చోటు అదేనని ఎవరూ అనలేదు. బోటు దాటింది.

వారం తిరక్కుండా యూనిట్‌లో రిపోర్టు చేశాను. తర్వాత చాలా ఏళ్లు పనిచేసి రిటైరై వచ్చాను. మంచు గురించి, షెల్లింగ్ గురించి చెప్పమని మా ఊరి వాళ్లు అడుగుతుంటారు. చెబుతాను. కళ్లు మూసుకుంటే మాత్రం నాకు కనబడేది ఆ మొగే. బావ మోకాళ్లు రెండూ వణుకుతున్నాయి, లుంగీ అంచు కూడా వణుకుతోంది. చుక్కాని మీద చెయ్యి మాత్రం కదల్లేదు.