ఒక్క చేను పచ్చగా

మొన్న కళ్యాణదుర్గంలో సెలూన్ కుర్చీలో తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాను. గోడ మీది టీవీలో ఏదో పెద్ద హత్య కేసు గురించి నలుగురు వాదించుకుంటున్నారు. కత్తెర చప్పుడు, చెంపల మీద చల్లటి నురగ, బెంచీ మీద కూర్చున్నవాళ్ళ గొంతులు, అన్నీ కలిసి మగతలా కమ్ముకున్నాయి. "పెండ్లామే సంపించింటాది, సూడు" అన్నాడొకడు. "కాదులేప్పా, ఆ డ్రైవరు మొగం సూస్తే తెలీడంలా?" అన్నాడు ఇంకొకడు. అంతలో వీధి మలుపులో, పెళ్ళి పందిరి దగ్గర, ఎవరో మైకులోకి ఊదారు. ఊఫ్... ఊఫ్. వెనకాలే సన్నటి కూత. కళ్ళు తెరవకుండానే నేను ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళిపోయాను. ఆ ఊపిరి ఈరన్నదే అనిపించింది.

ఈరన్నకు కంబదూరులో మైకుసెట్ల అంగడి ఉండేది. తొంభైల చివర, డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నాడు. పొడుగు మనిషి. భుజాన ఎప్పుడూ ఎర్ర తువ్వాలు. మాట తక్కువ. మైకు పనిచేస్తుందో లేదో చూడటానికి అందరూ హలో హలో అంటారు, అంకెలు లెక్కపెడతారు. ఈరన్న మాత్రం ఊదేవాడు, అంతే. ఏ పల్లెలోనో మిద్దె మీద హారన్లు కట్టి అతను ఊదితే, ఆ ఊపిరి బోసిపోయిన చేల మీదుగా గుట్టదాకా వెళ్ళి తిరిగి వచ్చేది. ఎండకు అలసిన నేలే నిట్టూర్చినట్టు ఉండేది. గొర్రెలు కూడా ఒకసారి తలెత్తి చూసేవి.

మైకు పట్టుకుంటే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. ఒక పెళ్ళిలో ఎవరూ చెప్పకుండానే, "బంధువులారా, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి" అని ప్రకటించాను. పందిరి మొత్తం లేచి వెనక్కి పరిగెత్తింది. అక్కడ అన్నం ఇంకా ఉడుకుతోంది. పెళ్ళికూతురి మేనమామ గరిటె పట్టుకుని నా మీదికి వచ్చాడు. ఆయన్ను శాంతింపజేసి పంపాక ఈరన్న నా పక్కన కూర్చున్నాడు.

"నిన్ను చెప్పమన్యారా?"

"లేదన్నా. యెట్లాగూ పెడతారు గదా అని..."

"పెట్టినాంక చెప్పు. చూడనిది మైకులో చెప్తే, అది ఉండాదనుకోని జనం లేస్తారు. చూసిందే చెప్పు, స్వామీ."

ఆ మాట నాకు బాగా పట్టింది. దాన్ని పట్టుకునే ఈరన్నకు అంత అన్యాయం చేస్తానని అప్పుడు తెలియదు.

పక్క పల్లెలో మండలాధ్యక్షుడిగా చేసిన ఒక పెద్ద రైతు ఉండేవాడు. పదవి పోయినా అందరూ ఆయన్ను ప్రెసిడెంటనే పిలిచేవారు. ఈరన్నా ఆయనా చిన్నప్పటి స్నేహితులు. ఇద్దరి వేరుశనగ చేలకూ మధ్య ఒక గట్టే అడ్డం. ఒక సాయంత్రం ఆ చేల దారిలోనే ప్రెసిడెంటును ఎవరో నరికి చంపారు. మర్నాడు పల్లె నిండా జీపులు, కెమెరాలు, మేమెన్నడూ చూడని మనుషులు. టీ హోటల్లో ఒక్కో గ్లాసుకూ ఒక్కో హంతకుడు పుట్టుకొచ్చాడు. ఎదుటి పార్టీవాళ్ళన్నారు, సొంత తమ్ముడన్నారు, బెంగుళూరు నుంచి వచ్చిన మనుషులన్నారు. చూసినవాడు ఒక్కడూ లేడు. తెలియనివాడూ ఒక్కడూ లేడు.

అదే తెల్లవారుజామున వాన పడింది. ఆ ఏడు అంతకుముందు చినుకు లేదు. విత్తే అదును దాటిపోతోంది. నేల విత్తడానికి తగ్గ పదునుతో ఎర్రగా తడిసి, ఆవిరి కక్కుతూ, పల్లె అంతా కలలో ఉన్నట్టు మసకగా ఉంది. కానీ ఊళ్ళో శవం ఉండగా ఎవరూ ఎద్దుల్ని కట్టరు. పెద్ద నాయకులు రావాలని శవాన్ని మర్నాటిదాకా ఉంచారు. రైతులు గుంపులుగా నిలబడి తడి నేల వంక చూస్తూ, చూడనట్టు తల తిప్పుకునేవారు.

సంతాప సభకు మా మైకే కావాలన్నారు. "నువ్వు పోయి సెట్టు కట్టు. నాకు పనుండాది" అన్నాడు ఈరన్న. అతను రాకపోవడం అందరూ గమనించారు. మధ్యాహ్నం బ్యాటరీ దిగిపోతే, ఇంకొకటి తేవడానికి మోపెడ్ మీద చేల దారి పట్టాను. ప్రెసిడెంటు చేలో ఈరన్న గొర్రు తోలుతున్నాడు. వెనక అతని భార్య గొర్రులోకి విత్తనాలు వదులుతూ నడుస్తోంది. ఆ బయలు మొత్తంలో కదులుతున్నది వాళ్ళిద్దరూ, ఆ జత ఎద్దులే.

"ఈ పొద్దు ఇదేందన్నా?" అని గట్టు మీది నుంచి అరిచాను.

"పదునప్పా. గాలి లేసింది, రేపటికి తడి ఉండదు. నువ్వు పో, ఆడ మైకు చూసుకో" అన్నాడు, ఎద్దుల్ని ఆపకుండానే.

సాయంత్రం టీ హోటల్లో అడిగారు: "ఏమప్పా స్వామీ, మీ యజమాని యాడ? జతగాడు సచ్చిపోతే మొగమే సూపీలేదు?"

నేను చూసిందే చెప్పాను. "ప్రెసిడెంటు చేన్లో విత్తనం ఏస్తాండాడు."

"శవం ఇంకా లేయనే లేదు, ఆయప్ప చేన్లో గొర్రు దించినాడా?" అన్నాడు హోటలాయన. ఎవరో జరిగి నాకు బెంచీ మీద చోటిచ్చారు. ఇంకో టీ వచ్చింది. మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నారు. చెప్పాను. ఎద్దుల సంగతి చెప్పాను, విత్తనాల సంగతి చెప్పాను. పదును అన్న ఒక్క మాట మాత్రం నా నోట రాలేదు. దాచాలనుకుని కాదు. అది చెబితే వాళ్ళ కళ్ళలోని ఆ మెరుపు ఆరిపోయేది.

వారం తిరక్కుండా, ఈరన్నకు ఆ చేను మీద ఎప్పట్నుంచో కన్నుందని కొత్తచెరువు బస్సులో ఎవరో నాకే చెప్పారు. ఒక పత్రిక 'సన్నిహితుడిపై అనుమానాలు' అని రాసింది. పోలీసులు అతన్ని పిలిపించి, అడిగి, పంపేశారు. కేసులో అతని పేరు ఎన్నడూ లేదు. అయినా పెళ్ళిళ్ళకు మా మైకు పిలవడం మానేశారు. ఆ తర్వాత విత్తే అదును దాటేదాకా మళ్ళీ వాన పడలేదు. బయలంతా ఎర్రగా ఎండిపోయి ఉంటే, మధ్యలో ప్రెసిడెంటు చేనొక్కటే పచ్చగా మొలిచింది. దారినపోయేవాళ్ళు బస్సు కిటికీల్లోంచి చూపించుకునేవారు. ఆ పచ్చదనమే సాక్ష్యమన్నారు. గట్టుకు ఇవతల ఈరన్న చేను బీడుగానే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. దాని పక్కగా రోజూ వెళ్ళే నేనూ చూడలేదు.

కాయ వలిచే రోజుల్లో ప్రెసిడెంటు భార్య సరోజమ్మ ఏదో పని మీద నన్ను పిలిపించింది. వాకిట్లో కాయల కుప్ప. ఆమె దాని వంకే చూస్తూ చెప్పింది.

"నేనే ఎయ్యమన్యా, నాయనా. దినాలయ్యేదంకా మా ఇంట్లో ఎవురూ విత్తనం ముట్టకూడదు. అంతలోకి పదును పోతాది. పిల్లోళ్ళు చిన్నోళ్ళు. తెల్లారకనే, జనం రాకముందే వచ్చి శవం కాడ ఏడుస్తాంటే, ఈరన్నను పక్కకు పిలిచి చెప్పినా. తన చేను ఇడిసిపెట్టి మాది ఇత్తినాడు. ఈ సంగతి యాడా అనొద్దన్యాడు."

నేను నేరుగా అంగడికి వెళ్ళాను. ఈరన్న ఎవరూ అడగని హారన్లను తువ్వాలుతో తుడుస్తున్నాడు.

"అన్నా, హోటల్లో చెప్పింది నేనే."

"తెల్సు. చూసిందే చెప్పినావులే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే తట్టుకోలేకపోయాను. "మిద్దె మీద మైకు కట్టి, జరిగిందంతా నేనే చెప్తానన్నా" అన్నాను.

"చెప్తే? మొగుడి శవం ఇంట్లో పెట్టుకోని చేను ఇత్తించిందంట అని ఆయమ్మను పట్టుకుంటారు. ఎవురో ఒకరు కావల్ల గదప్పా వాళ్ళకు. నన్నే ఉండనీ." హారన్ కింద పెట్టి, మైకు తుడిచి నా చేతికిచ్చాడు. "పని చేస్తాందేమో చూడు."

"ఏం చెప్పాలన్నా?"

"చెప్పేదానికి లేనప్పుడు ఊరికే ఊదు."

ఊదాను. ఖాళీ అంగడిలో నా ఊపిరి పెద్దగా వినిపించింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఈరన్న పోయాడు. మట్టి వేయడానికి వచ్చినవాళ్ళలో కూడా, "చచ్చేదంకా నోరిప్పలే సూడు" అని గొణిగినవాళ్ళున్నారు. పోయిన వేసవిలో సరోజమ్మా వెళ్ళిపోయింది. ఆమె కొడుకును అడిగి, అతను సరేనన్నాకే ఇది రాస్తున్నాను. కోర్టులో ఎవరి మీదా నేరం రుజువు కాలేదు. ప్రెసిడెంటును ఎవరు చంపారో నాకు తెలియదు. ఆ చేను ఎవరు విత్తారో, ఎవరి కోసం విత్తారో మాత్రం తెలుసు.

"నువ్వు చెప్పన్నా, ఎవురు సంపింటారు?" సెలూన్ కుర్రాడు కత్తి ఆపి అడిగాడు. కళ్ళు తెరిచాను. అద్దంలో బెంచీ మీది ముఖాలన్నీ నా వైపే ఉన్నాయి. ఒకతను బాగా వినడానికి కాస్త ముందుకు జరిగాడు. ఆనాటి టీ హోటల్లో చూసిన మెరుపే ఆ కళ్ళలోనూ ఉంది.

నేను మెల్లగా ఊపిరి వదిలాను. పెదవి మీది నురగ కొంచెం కదిలింది. కాసేపు చూసి, వాళ్ళు మళ్ళీ టీవీ వైపు తిరిగారు.