ఎడమ దిక్కు బుగ్గలు

ఆ పొద్దున గడ్డం కుడివైపు మాత్రమే గీసుకుని బయటికొచ్చాను. నా భార్య సులోచన నవ్వింది. "సగం గడ్డం ఎవలకు ఉంచినవ్?" అంది. పనికిమాలిన మాటలు మానుకొమ్మన్నాను. కాసేపటికి ఎడమ చేతిలోని చాయ్ గ్లాసు జారి కాలి మీద పడింది. వేడి తెలియలేదు.

గాలి సోకిందని, తాయెత్తు కట్టించమని పక్కింటి అవ్వ చెప్పింది. మూఢనమ్మకాల మీద జీవితమంతా ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, వంకరపోయిన నోటితోనే ఆమెను తిట్టాను. సులోచన మా ఇద్దరినీ పట్టించుకోకుండా ఆటో పిలిచి, బోధన్ నుంచి నిజామాబాద్ తీసుకుపోయింది.

సి.టి. స్కాన్, ఎమ్మారై అయ్యాయి. మెదడు కుడి భాగంలో స్ట్రోక్. టైముకు తెచ్చారని ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు వారాల్లో కాలు నిలిచింది, చేతికి పట్టు వచ్చింది. బాగైపోయానని నేనే తేల్చేశాను. పళ్లెంలో కుడి సగం తిని, కూర వడ్డించలేదని చుట్టాల ముందు సులోచనను కసిరేవాణ్ణి. ఆమె పళ్లెం తిప్పేది. కూర కనిపించేది. ఇప్పుడు వేసి నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నావా అనేవాణ్ణి.

ఫిజియోథెరపీకి గ్రేస్ అనే అమ్మాయి ఇంటికి వచ్చేది. మా టీవీకి బిడ్డ కొనిచ్చిన స్ట్రీమింగ్ స్టిక్ ఉంది, దాంతో టీవీలో ఇంటర్నెట్ సినిమాలు, ఆటలు వస్తాయి. అందులో బుగ్గలు, అంటే బెలూన్లు, పేల్చే ఆట పెట్టి, రిమోట్ నా ఎడమ చేతికిచ్చింది. చర్చికి పోయే పిల్ల అని తెలిసి, ఇది కూడా దేవుడి మహిమేనా అని ఎకసెక్కమాడాను.

"ప్రార్థన చేయమంటలేను సార్. బటన్ నొక్కుమంటున్న."

కనబడ్డ ప్రతి బుగ్గనూ పేల్చాను. ఓడిపోయానని తెర మీద వచ్చింది. రిమోట్ చెడిపోయిందన్నాను. బ్యాటరీలు మార్చింది. మళ్లీ ఓడాను. ఆటలోనే మోసముందన్నాను. సులోచన రిమోట్ తీసుకుని గెలిచింది.

"ఎడమ దిక్కు గూడ బుగ్గలు వస్తున్నయి. నువ్వు సూస్తలేవు."

"పదో తరగతి తప్పినదానివి, నాకు చెప్పొచ్చినవా?"

గ్రేస్ తల వంచుకుంది. డాక్టర్ చూసేదాకా బండి ముట్టొద్దని చెప్పి వెళ్లిపోయింది. మర్నాడే స్కూటర్ తాళంచెవి కోసం గొడవపడ్డాను. చివరికి సులోచన ఇచ్చింది. గేటు తీసి ఎడమ పక్కన నిలబడింది. బండి నేరుగా ఆమె మీదికి పోనిచ్చాను. తుంటి ఎముక విరిగి కింద పడున్న మనిషిని, అడ్డం ఎందుకొచ్చినవ్ అని అడిగాను.

ఆమెను చేర్చింది నిజామాబాద్‌లోని అదే ఆసుపత్రిలో. జరిగింది విని డాక్టర్ నన్ను గడియారం బొమ్మ గీయమన్నాడు. పన్నెండు అంకెలూ కుడివైపే వేశాను.

"లెఫ్ట్ నెగ్లెక్ట్. మీ కండ్లు మంచిగనే ఉన్నయి సార్. ఎడమ పక్క ఒకటుందని మీ మెదడు ఒప్పుకుంటలేదు."

ఆధారం చూపమని ఊరందరినీ నిలదీసినవాణ్ణి. టీవీ తెర మీద ఆధారం చూపిస్తే రిమోట్‌ను తిట్టాను. అందులో జబ్బెంతో, నా అహం ఎంతో డాక్టర్ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు రోజూ అరగంట ఆడుతున్నాను. తల తిప్పి ఎడమవైపు వెతకడం మెల్లగా అలవాటవుతోంది, ఇంకా కొన్ని తప్పిపోతున్నాయి. సులోచన కర్ర పట్టుకుని నడుస్తుంది. నాతో నడిచేటప్పుడు కుడిపక్కకే వస్తుంది.

స్ట్రోక్ వచ్చిన మనిషి "నేను బాగనే ఉన్న" అంటే ఆ మాటను సాక్ష్యంగా తీసుకోకండి. డాక్టర్ పరీక్షించి సరేననేదాకా బండి తాళంచెవి దాచండి. బాగా వాదించగలవాడైతే మరీ దాచండి.